రహీం సాబ్ వన్-టచ్ ప్రాక్టీసు: అండర్-14కి ఎలా పెట్టాలి?

గోల్కొండ_వింగర్:
పాత భారత ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గురించి ఎక్కడ చదివినా పతకాల లెక్కే. 1951, 1962 ఏషియాడ్ స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ప్రాక్టీసులో ఆయన కొత్తగా తెచ్చిందేమిటి? నా దగ్గర పదహారు మంది పిల్లలు, మట్టి గ్రౌండు, వారానికి మూడు రోజులు. ఇందులో పనికొచ్చేదేంటి?

స్టాపర్_బ్యాక్:
ఫార్మేషన్ల (ఎవరు ఎక్కడ నిలబడాలనే అమరిక) గొడవ పక్కన పెట్టండి. అసలు సరుకు రెండు అలవాట్లు: డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నెట్టుకుంటూ పోవడం) లేని ఆట, బలంలేని కాలితో మాత్రమే ఆడే పోటీలు. అప్పట్లో మనవాళ్లు బంతి దొరికితే వదిలేవారు కాదు. 1952 హెల్సింకీలో యుగోస్లావియా 10-1తో కొట్టింది. నాలుగేళ్లకే మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా మీద 4-2, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్.

మీ పదహారు మందిని ఎనిమిదేసి చొప్పున రెండు గళ్లలో పెట్టండి. ఒక్కో గడి 12 x 12 మీటర్లు. చుట్టూ ఆరుగురు, మధ్యలో బంతి లాక్కోడానికి ఇద్దరు. చుట్టూ ఉన్నవాళ్లకు ఒక్కటే టచ్, అంటే బంతిని ఆపకుండా ఒక్క తాకుడుతోనే పాస్ ఇవ్వాలి. వరసగా ఎనిమిది పాస్‌లైతే ఒక పాయింటు. నాలుగు నిమిషాలు ఆట, నిమిషం విరామం, నాలుగు రౌండ్లు. రెండు వారాల తర్వాత ఐదుగురికి ముగ్గుర్ని పెట్టండి. నలుగురికి నలుగురు పెట్టాలంటే గడి 20 x 15కి పెంచి రెండు టచ్‌లివ్వండి, లేకపోతే బంతి ఎవరి దగ్గరా ఆగదు.

పాస్ తప్పిందంటే చాలాసార్లు తప్పు కాలిది కాదు, మెడది. బంతి వచ్చేలోపే వాడు భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసుకోవాలి. వచ్చాక చూస్తే రెండో టచ్ తప్పదు.

సికింద్రాబాదీ_7:
మట్టి గ్రౌండు అన్నారు కాబట్టి ఒక మాట. గట్టిగా గాలి కొట్టిన బంతి మోకాలి ఎత్తు లేస్తుంది, ఇక వన్-టచ్ ఏం ఆడతారు! ఐదో నంబరు బంతిలో గాలి 9 పీఎస్ఐ దగ్గర ఆపండి. నిబంధనల్లో 8.5 నుంచి 15.6 దాకా ఉంది, ఇబ్బంది లేదు. ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లితే ఇంకా మేలు.

బలంలేని కాలి ఆట మొదట్లోనే పది నిమిషాలు పెట్టండి. చివర్లో పెడితే అలసిపోయి ఉంటారు, ఆనించిన కాలు మెలిపడుతుంది. ఆ కాలు బంతికి జానెడు పక్కన, బొటనవేలు పాస్ ఇచ్చేవైపు తిరిగి ఉండాలి. పిల్లలు తెలివిగా అలవాటైన కాలి బయటివైపుతో తోసేస్తారు. చూసీ చూడనట్టు వదలొద్దు, బంతి అవతలివాళ్లకిచ్చేయండి.

స్టాపర్_బ్యాక్:
ఇంకోటి, స్థానాలు మార్చడం. 1962 జకార్తాలో థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. తర్వాత రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా (ముందు మధ్యలో ఉండి గోల్ కొట్టే స్థానం) దింపాడు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద ఒక గోల్, ఫైనల్లో దక్షిణ కొరియా మీద ఇంకోటి. పీకే బెనర్జీ గోల్‌తో కలిపి 2-1. వెనక జర్నైల్ పని అరుణ్ ఘోష్ చూసుకున్నాడు. ఇది అదృష్టమని నేననుకోను. వారానికోసారి చివరి పావుగంట బ్యాక్‌లను ముందుకు, ఫార్వర్డ్‌లను వెనక్కి పంపండి.

గోల్కొండ_వింగర్:
మరి ఇద్దరు గోల్‌కీపర్లను ఏం చేయాలి?

సికింద్రాబాదీ_7:
వాళ్లనూ గళ్లలోనే నిలబెట్టండి, గడికొకరు. గ్లవ్స్ తీయించి.