కేథరిన్ స్విన్‌ఫర్డ్ పుట్టింటి వంశం ఎంతవరకు తెలుస్తుంది?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట):
ఎం.ఏ. విద్యార్థులకు పద్నాలుగో శతాబ్దపు ఆంగ్ల కవి చాసర్‌ను బోధిస్తున్నాను. ఆయన భార్య ఫిలిప్పాకు తోబుట్టువైన కేథరిన్ 1396లో లింకన్‌లో ఇంగ్లండు రాజు మూడవ ఎడ్వర్డ్ కుమారుడు జాన్ ఆఫ్ గాంట్‌ను వివాహమాడింది. ఇంగ్లండు రాజు ఏడవ హెన్రీ తల్లి మార్గరెట్ బ్యూఫర్ట్ ఆమెకు మునిమనుమరాలు. సంతతి ఇంత స్పష్టంగా ఉన్న స్త్రీకి పూర్వీకుల వైపు తండ్రి పేరు తప్ప నాకేమీ దొరకలేదు. ఇంటర్నెట్‌లోని వంశవృక్షాలు మాత్రం ఎన్నో తరాలు చూపిస్తున్నాయి. వాటిని తరగతిలో చెప్పవచ్చునా?

సమాధానం (విజయవాడ):
చెప్పకండి. తండ్రి పాన్ డి రోయె హెయ్నాల్ట్ సీమకు (నేటి బెల్జియం వైపు) చెందిన నైట్ అని ఆనాటి చరిత్రకారుడు ఫ్రోయిసార్ రాశాడు; ఫ్రోయిసార్‌దీ అదే సీమ, పైగా మూడవ ఎడ్వర్డ్ భార్య ఫిలిప్పా రాణి కొలువులో ఉన్నవాడు, కనుక ఆ మాట నమ్మదగినదే. తల్లి పేరు చెప్పే సమకాలిక పత్రం లేదు.

ఆ కాలపు ఇంగ్లండులో స్త్రీ వంశం చాలావరకు భూమి చేతులు మారినప్పుడే కాగితం మీదికి వచ్చేది. రాజు నుంచి నేరుగా భూమి పొందినవారు మరణిస్తే, ఎస్చీటర్ అనే అధికారి స్థానికుల చేత ప్రమాణం చేయించి, ఏయే భూములున్నాయో, వారసులెవరో, వారి వయస్సెంతో నమోదు చేసేవాడు. కొడుకులు లేనిచోట కూతుళ్లందరికీ సమాన వాటా కాబట్టి వారి పేర్లూ అందులో కనిపిస్తాయి. మన వైపు పసుపు కుంకుమల కింద పొలం ఇచ్చినట్టే, పెళ్లినాడు కూతురికి భూమి రాసిచ్చిన పత్రాలు కూడా ఉన్నాయి. కేథరిన్‌తో చిక్కేమిటంటే తండ్రి పరదేశి. ఆమె ఏలుకున్న కెటిల్‌థార్ప్ మొదటి భర్త హ్యూ స్విన్‌ఫర్డ్‌ది. అక్కడి పత్రాలు అత్తింటి చరిత్రనే చెబుతాయి.

సమాధానం (గుంటూరు, అరండల్‌పేట):
పోపు అనుమతి పత్రాలనూ చూడాలి. 1215 నాటి లాటెరన్ మహాసభ తరువాత నాలుగవ తరం లోపు రక్తసంబంధీకులు పెళ్లాడాలంటే చర్చి మినహాయింపు తప్పనిసరి. ఆ అర్జీల్లో బంధుత్వం బయటపడుతుంది. అయితే గాంట్ కేథరిన్ కూతురు బ్లాంచ్‌కు జ్ఞానతండ్రి (బాప్తిస్మంలో పూచీ పడినవాడు), చర్చి దాన్నీ బంధుత్వంగానే లెక్కించేది; వీరికి అడ్డువచ్చినది ఆ సంబంధం. కాబట్టి ఆ అనుమతి పుట్టింటి వంశాన్ని వెనక్కి తీసుకుపోదు. బాప్తిస్మాలూ పెళ్లిళ్లూ రాసుకునే చర్చి పుస్తకాలైన పారిష్ రిజిస్టర్లా, ఇంగ్లండులో 1538లో గాని మొదలు కాలేదు.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండి. పాన్ దగ్గరే ఆపుతాను. హెయ్నాల్ట్‌లో ఏమైనా మిగిలి ఉంటుందా?

సమాధానం (విజయవాడ):
ఆ సీమ పత్రాలకు నిలయమైన మోన్స్ పత్రాగారం 1940 మే నెల బాంబు దాడిలో చాలావరకు కాలిపోయింది. అంతకుముందు అచ్చయిన ప్రతులు ఉన్నాయి. వెతికితే వాటిలోనే వెతకాలి.