హైదరాబాద్ నుంచి వైజాగ్ బండి మీద: దారిలో ఫ్రెండ్స్ ఇళ్లల్లో దిగడం కరెక్టేనా?

బుల్లెట్_బాబాయ్:
సంక్రాంతి రద్దీ అయ్యాక ఫిబ్రవరిలో వెళ్దామనుకుంటున్నా. 620 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఒక్కరోజులో లాగేసేవాళ్లున్నారు, నాకలా వద్దు, నాలుగు రోజులు పెట్టుకున్నా. సూర్యాపేటలో ఒకడింట్లో మధ్యాహ్నం భోజనం, రాత్రికి బెజవాడలో ఇంకొకడింట్లో, మర్నాడు అమలాపురం, ఆ తర్వాత తుని. అందరూ ఇంజనీరింగ్ హాస్టల్ బ్యాచే. మా ఆవిడేమో పదిహేనేళ్ల తర్వాత వెళ్లి ఇళ్లల్లో దిగడమేంటి, లాడ్జి చూసుకోండి అంటోంది. మీరేమంటారు?

సూర్యాపేట_చిన్నోడు:
లాడ్జి ఎందుకన్నా. మా ఊరొచ్చి హోటల్ల దిగిండని తెలిస్తే ఆ దోస్తుతోని మేం మాట్లాడం. పొద్దుగాల ఐదింటికే హయత్‌నగర్ దాటు, ఎండ ఎక్కకముందే నకిరేకల్ దాటిపోతవ్. టోల్ కాడ బైకులకు పైసల్లేవు, ఎడమ పక్కకెళ్లి పో.

కోనసీమ_కాలువ:
ఒక్క సంగతి చెప్పండి. అమలాపురం దారిలో ఎలా ఉందండీ? రావులపాలెం దగ్గర హైవే దిగి ముప్పై కిలోమీటర్ల పైనే లోపలికి రావాలి. దాన్ని దారిలో అనరు.

స్పోక్_శీను:
బండికి స్పోక్ చక్రాలైతే మామూలుగా ట్యూబ్ టైర్లే ఉంటాయి, స్పేర్ ట్యూబులు రెండూ పెట్టుకో. ముందు చక్రం, వెనక చక్రం సైజులు వేరైతే ఒకదాని ట్యూబు ఇంకోదానికి సరిపోదు.

బుల్లెట్_బాబాయ్:
కాలువ గారూ, వెనక్కి తిరిగే పనే లేదు. రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం, అక్కడ 216 నంబరు హైవే ఎక్కితే ముమ్మిడివరం, ఎదుర్లంక వంతెన, యానాం, కాకినాడ, కత్తిపూడిలో మళ్లీ వైజాగ్ వెళ్లే 16 నంబరు హైవేలో కలుస్తాం. అది దారి కాకపోతే ఇంకేంటి?

కోనసీమ_కాలువ:
మ్యాపు నాకు చెప్పకండి, నేను పుట్టింది ఇక్కడే. వైజాగ్ వెళ్లేవాడు రాజానగరం, జగ్గంపేట మీదుగా పోతాడు. మీరు వచ్చేది కొబ్బరి తోటల్లో బండి నడపడానికి, దానికి స్నేహితుడి ఇల్లు ఆసరా. అది ఒప్పుకోండి చాలు.

తణుకు_ఆడపడుచు:
దారి గొడవ సరేగానీ, ఇంట్లో దిగుతున్నారంటే దిగేది వాళ్లావిడ నెత్తిన. మావారి ఫ్రెండ్స్ ఒకసారి రాత్రి పదింటికి ముగ్గురు దిగారు, తణుకు బైపాస్ దగ్గరున్నాం, వచ్చేస్తున్నాం అని ఫోను. పులుసు మళ్లీ పెట్టి, పరుపులు పరిచి, పొద్దున్నే ఇడ్లీ పెట్టి పంపా. తప్పని అనట్లేదు, వాళ్లని చూసి మావారు అంత నవ్వడం ఏడాదిలో చూళ్లేదు. కానీ మధ్యాహ్నమే చెప్తే ఏం పోయింది?

బుల్లెట్_బాబాయ్:
వారం ముందే చెప్తానండీ, నలుగురికీ.

కోనసీమ_కాలువ:
వారం ముందు చెప్తే దారిలోకి వచ్చేస్తుందా?

సూర్యాపేట_చిన్నోడు:
అన్నా, గా దారి ముచ్చట ఇడిసిపెట్టు.

బుల్లెట్_బాబాయ్:
ఇందాకట్నుంచి అదే పట్టుకుని లాగుతున్నారు. మీ ఇంటికెవరూ రారని కుళ్లు తప్ప ఇంకేం కనబడట్లేదు నాకు.

కోనసీమ_కాలువ:
రాకపోవడమేంటండీ, వచ్చారు. చెప్తా వినండి. 2019లో మా నాన్న పోయారు. పదకొండో రోజుకి మా బ్యాచ్ నలుగురు కారేసుకుని అన్నవరం వెళ్తూ రావులపాలెం వంతెన మీంచి ఫోన్ చేశారు, "మీ ఊరు హైవేకి లోపలికిరా, దర్శనానికి టైమ్ సరిపోదు, ఇంకోసారి వస్తాం" అని. సరే అన్నా, ఏమంటాను. అదే నలుగురు పోయినేడు కొత్త బళ్లు కొనుక్కుని వచ్చి మా ఇంట్లో రెండు రోజులున్నారు, కాలువ గట్టు మీద ఫోటోలు, పొద్దున్నే లేచి వీడియోలు, పూతరేకులు కట్టించుకుని మరీ వెళ్లారు. నాన్న ఫోటో హాల్లోనే ఉంది. ఒక్కడూ దాని ముందు నిలబడలేదు. మా ఊరు అప్పుడు దారిలో లేదు, ఇప్పుడెలా వచ్చిందో మీరైనా చెప్పండి.

తణుకు_ఆడపడుచు:
అయ్యో అన్నయ్యగారూ.

బుల్లెట్_బాబాయ్:
కుళ్లు అన్నమాట వెనక్కి తీసుకుంటున్నానండీ, తప్పుగా అన్నా. కానీ వాళ్లు చేసింది నా మీద పెట్టకండి. అమలాపురం వాడి పెళ్లికి నేను వెళ్లలేదు, కొత్త ఉద్యోగం, సెలవివ్వలేదు, అప్పట్నుంచీ మొహం చెల్లక ఫోన్ కూడా తగ్గించేశా. బండి అనేది లేకపోతే నేనసలు బయల్దేరేవాణ్ణే కాదు. బండి మీద వస్తే మనిషి కోసం రానట్టేనా? ఎక్కడో అక్కడ మొదలెట్టాలిగా.

కోనసీమ_కాలువ:
మొదలెట్టాలంటే బస్సెక్కి రండి, వాడొక్కడి కోసమే రండి. నాలుగిళ్లలో ఒకిల్లుగా వస్తే వాడికి తెలీదనుకున్నారా? తెలుస్తుంది. నాకు తెలిసింది.

సూర్యాపేట_చిన్నోడు:
నేనైతే ఒప్పుకోనన్నా. మా దోస్తు ఏ బండి మీద వచ్చినా, గంట ఉన్నా నాకు సంబురమే. లెక్కలేసుకుంటే ఎవ్వడూ రాడు ఇగ.

కోనసీమ_కాలువ:
మీది హైవే మీది ఊరు తమ్ముడూ. అందరూ ఆగుతారు.

బుల్లెట్_బాబాయ్:
ప్లాన్ మారుస్తున్నా. తుని తీసేశా, అమలాపురంలో రెండు రాత్రులు. తునివాడికి నేనే చెప్పుకుంటా. బండి మీదే వెళ్తా, అది మాత్రం మానను.

కోనసీమ_కాలువ:
మీ ఇష్టం. ఒక్కటడుగుతా. మీవాడి అమ్మానాన్నలు ఉన్నారా?

బుల్లెట్_బాబాయ్:
తెలీదండి. హాస్టల్‌కి వాళ్ల నాన్నగారు సున్నుండలు తెచ్చేవారు. ఇప్పుడే ఫోన్ చేస్తా.