గ్రాండ్ కాన్యన్ అంచున మిత్రునితో కూర్చుని బొమ్మలు వేసినవారు ఉన్నారా?

చాండ్లర్_కుంచె:
నవంబరు మొదటి వారంలో నేనూ, హైదరాబాదు నుండి వస్తున్న నా చిన్ననాటి మిత్రుడూ మూడు రోజులపాటు గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున కూర్చుని బొమ్మలు వేయాలనుకుంటున్నాము. నావి నీటిరంగులు, అతనివి తైలవర్ణాలు. ఇద్దరమూ ఇంతవరకు గదిలో ఫొటోలు చూసి వేసినవారమే. ఎక్కడ కూర్చోవాలో, ఏమేమి పట్టుకెళ్ళాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.

పొద్దుపొడుపు:
నిరుడు అక్టోబరు చివర నేనూ ఒక స్నేహితురాలూ వెళ్ళాము. దక్షిణపు అంచున ఉన్న లిపాన్ పాయింటుకు సొంత కారులోనే చేరవచ్చు, అక్కడినుండి కొలరాడో నది వంపు కూడా కనిపిస్తుంది కనుక తెల్లవారుజామున అక్కడే కూర్చున్నాము. ఆ అంచు 7,000 అడుగులకు పైగా ఎత్తున ఉంటుంది. ఎడారే కదా అని పలుచని దుస్తులతో వెళ్ళిన మాకు, రంగుల పళ్ళెంలో నీళ్ళు గడ్డకట్టాకగాని బుద్ధి రాలేదు. ఎండ ఎక్కాక మరొక ఇబ్బంది మొదలైంది. గాలిలో తేమ లేనందున ఆకాశానికి వేసిన పూత కాగితం సగం దాటకముందే ఆరిపోయి చారలు తేలింది; కాగితాన్ని రెండు వైపులా తడిపి, నీటిలో రెండు చుక్కల గ్లిజరిన్ కలిపాక కొంత నిలిచింది.

అన్నిటికంటే కష్టపెట్టింది నీడలు. అరగంటలో వాటి ఆకారమే మారిపోతుంది. నేను మొదటి పది నిమిషాల్లోనే నీడల సరిహద్దులను పెన్సిలుతో గీసుకుని, తరువాత సూర్యుడు ఎటు పోయినా వాటిని కదపలేదు. నా స్నేహితురాలు మాత్రం మారిన ప్రతి వెలుగునూ అందుకోబోయి, పది గంటలయ్యేసరికి ఎడమ సగంలో తెల్లవారుజామూ కుడి సగంలో మిట్టమధ్యాహ్నమూ ఉన్న బొమ్మను తయారుచేసింది. (ఆ బొమ్మ ఇప్పుడు వాళ్ళ హాలులో ఉంది. నాది అటక మీద ఉంది.)

రాతిపొర:
రంగుల గురించి ఒక మాట. ఎర్రగా నిలువునా కనిపించే రెడ్‌వాల్ పొర నిజానికి బూడిదరంగు సున్నపురాయి. పైపొరలలోని ఇనుము తుప్పు వాననీటితో జారి దానికి ఎర్రని పూతగా పట్టింది. అందుచేత నేరుగా ఎరుపు పూయకుండా, ముందు నీలి బూడిద వేసి, ఆరిన తరువాత బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగును పలుచగా దించితే రాయి రాయిలా కనిపిస్తుంది. మరొకటి, అక్కడే బొమ్మ పూర్తిచేయాలని పట్టుపట్టకండి. 1873లో అన్వేషకుడు పావెల్‌తో కలిసి అక్కడికి వెళ్ళిన చిత్రకారుడు థామస్ మోరాన్ కూడా అక్కడ చిత్తు చిత్రాలు వేసుకుని, పెద్ద తైలవర్ణ చిత్రాన్ని తన చిత్రశాలలోనే పూర్తిచేశాడు. దానిని అమెరికా కాంగ్రెసు 10,000 డాలర్లకు కొన్నది.

తైలవర్ణం:
మీ మిత్రునికి ముందే చెప్పండి, తైలవర్ణాలను పలుచన చేసే టర్పెంటైన్‌ను విమానంలో ఏ పెట్టెలోనూ తేనివ్వరు. ఫీనిక్స్‌లో కొనుక్కోవడం మేలు. బొమ్మను నిలబెట్టే ఈజిల్‌కు రాళ్ళ సంచి వేలాడదీయకపోతే గాలికి పడిపోతుంది. అసలు ప్రమాదం వేరే ఉంది: బొమ్మ ఎలా వచ్చిందో చూసుకోవడానికి రెండడుగులు వెనక్కు వేయడం మనకు అలవాటు. నేను అలా వెనక్కు నడుస్తుండగా నా మిత్రుడు చొక్కా పట్టి లాగాడు. నాటినుండి అంచు దగ్గర కూర్చునే వేస్తున్నాను.

పెన్నాగట్టు:
నేను గండికోటలో మాత్రమే వేశాను. అక్కడ ఎదుటి గట్టు దగ్గరగా ఉండి బండల పగుళ్ళు కూడా లెక్కపెట్టవచ్చు, కనుక ముదురు రంగులే సరిపోతాయి. గ్రాండ్ కాన్యన్‌లో అవతలి అంచు సగటున 16 కిలోమీటర్ల దూరం అంటారు. అంత దూరాన్ని కాగితం మీద ఎలా చూపారు?

పొద్దుపొడుపు:
పెన్నాగట్టు గారూ, దూరం పోయేకొద్దీ ఎరుపును తగ్గించి, పలుచని నీలాన్ని పెంచాను. చివరి అంచుకు, ఆకాశానికి దాదాపు ఒకే రంగు వేశాను. నా మొదటి మూడు కాగితాలూ ఈ సంగతి తెలియకే పాడయ్యాయి.

చాండ్లర్_కుంచె:
అందరికీ కృతజ్ఞతలు. మావాడికి టర్పెంటైన్ సంగతి ఈ ఉదయమే ఫోనులో చెప్పాను. అప్పటికే రెండు సీసాలు పెట్టెలో సర్దుకున్నాడట.