విషయం బయటపడకుండా ఫిర్యాదు రాయడం ఎలా?

మాది పర్లాకిమిడి. తమ్ముడికి 21 ఏళ్లు, గే. ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. బరంపురంలో ఒక షోరూమ్‌లో చేస్తున్నాడు. ఆరు వారాలుగా తోటివాళ్లు ముగ్గురు వాడి నడకనీ గొంతునీ వెక్కిరిస్తున్నారు. ఒడియాలో మొదలుపెట్టి, బాగా తగలాలని తెలుగులోకి దిగుతారట. రాత్రి మూడింటిదాకా నిద్రపోడు, అన్నం సగంలో వదిలేస్తున్నాడు.

మేనేజరుకి రెండుసార్లు చెప్పాడు. "సరదాకిలే" అన్నారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాం. తెలుగులోనే మాట్లాడారు, మనసు కాస్త తేలికపడింది. షోరూమ్‌లో గోల మాత్రం అలాగే ఉంది. 2019 చట్టంలో ఫిర్యాదుల అధికారి ఉండాలని చూశాను గానీ, అది ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం.

ఉద్యోగం మానేయమని మాత్రం చెప్పకండి, అప్పుంది. హెడ్ ఆఫీసుకి రాసివ్వాలనుకుంటున్నాం. వాడు గే అని తెలియకుండా ఆ ఫిర్యాదులో వేధింపుని ఏమని రాయాలి?