‘ఇంటర్‌ఫెరాన్’కు తెలుగు మాట: వ్యతికరణమా, చాటింపా?

ప్రశ్న (కావలి): పదవ తరగతి పిల్లలకు వైరస్‌ల మీద పాఠం రాస్తూ, వైరస్ సోకిన కణం వదిలే ‘ఇంటర్‌ఫెరాన్’ అనే ప్రోటీన్ దగ్గర ఆగిపోయాను. భౌతిక శాస్త్రంలో ఇంటర్‌ఫియరెన్స్‌ను (తరంగాలు ఒకదానిపై ఒకటి పడి బలపడడం, చెరిగిపోవడం) వ్యతికరణం అంటున్నాము కనుక దీనిని ‘వ్యతికరణి’ అనవచ్చునా?

జవాబు (ఒంగోలు): మాస్టారూ, మాట నిర్మాణంలో తప్పు లేదు గాని, కాంతి తరంగాలను చదివిన పిల్లవాడు ఈ ప్రోటీన్ కూడా వైరస్ మీద పడి దానిని చెరిపేస్తుందని అనుకుంటాడు. ఒక వైరస్ సోకిన కణంలో మరొకటి పెరగకపోవడాన్ని శాస్త్రజ్ఞులు మొదటి నుండి ఇంటర్‌ఫియరెన్స్ అనేవారు. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రజ్ఞులు వేడితో చంపిన ఫ్లూ వైరస్‌ను కోడిగుడ్డు పిండపు పొర ముక్కలతో కలిపి ఉంచి, ఆ ద్రవాన్ని తాజా పొర ముక్కల మీద పోస్తే, వాటిలో బతికున్న వైరస్ సైతం పెరగలేకపోయింది. ద్రవంలోని ఆ పదార్థానికే వారు ఈ పేరు పెట్టారు. అంటే పేరు చెప్పేది ఫలితాన్నే, పనితీరును కాదు.

నిజానికి ఇంటర్‌ఫెరాన్ వైరస్‌ను ముట్టుకోదు. వైరస్ ఆర్‌ఎన్‌ఏను (దాని జన్యు పదార్థాన్ని) పసిగట్టిన కణం దీనిని బయటికి వదులుతుంది. ఇరుగుపొరుగు కణాలు తమ పైపొర మీది గ్రాహకాలతో దీనిని అందుకొని వందలాది జన్యువులను మేల్కొలుపుతాయి, వాటి వల్ల పుట్టిన ప్రోటీన్లలో కొన్ని వైరస్ ఆర్‌ఎన్‌ఏను తునకలు చేస్తే, కొన్ని కణంలో ప్రోటీన్ల తయారీనే ఆపివేస్తాయి. మన పట్టపుపాలేలలో (జాలర్ల పల్లెల్లో) తుపాను ముందు దండోరా వేసినట్లే ఇది: డప్పు అలను ఆపదు, విన్నవాళ్లు పడవలను ఒడ్డుకు లాగి కట్టుకుంటారు. అందుకే నా ఓటు ‘చాటింపు’కు. ఫ్లూ జ్వరంలో వచ్చే ఒళ్లునొప్పులలో ఈ చాటింపు వాటా కూడా ఉన్నది.

ప్రశ్న (నెల్లూరు): మా వనామి రొయ్యల చెరువుల్లో తెల్లమచ్చ వైరస్ తెగులు వచ్చినప్పుడు రొయ్యలోనూ ఇదే జరుగుతుందా అండీ?

జవాబు (ఒంగోలు): లేదండీ. ఇంటర్‌ఫెరాన్లు వెన్నెముక ఉన్న జీవులకే ఉన్నాయి; రొయ్య రక్షణ పద్ధతులు వేరు.

కావలి: అయితే పాఠంలో ఇంటర్‌ఫెరాన్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘చాటింపు ప్రోటీన్’ అని పక్కన రాస్తాను. ప్రోటీన్‌కు ‘మాంసకృత్తు’ అనే మాట మాత్రం వద్దు. మా పిల్లలు దానిని కూర అనుకుంటారు.