పాకెట్ దగ్గరే ఇన్‌ఫెక్షన్ ఉంటే పేస్‌మేకర్ లీడ్లు కూడా పీకాల్సిందేనా?

పెద్దాయన_కొడుకు:
మా నాన్నగారికి 81 ఏళ్ళు. పేస్‌మేకర్ పెట్టి పదకొండేళ్ళయింది, పోయినేడాది బ్యాటరీ అయిపోతే జనరేటర్ (ఛాతీ చర్మం కింద జేబులాంటి చోట, అంటే పాకెట్లో, పెట్టే డబ్బా) మార్చారు. దాన్నుంచి గుండెకి పోయే వైర్లు, అంటే లీడ్లు, పాతవే. ఇప్పుడు ఆ చోట చర్మం పల్చబడిపోయి మూల దగ్గర సూదిమొనంత రంధ్రం పడింది, దాంట్లోంచి నీళ్ళలాంటిది కారుతోంది. జ్వరం లేదు, అన్నం బానే తింటున్నారు, బ్లడ్ కల్చర్లో (రక్తంలో సూక్ష్మజీవి ఉందేమో పెంచి చూసే పరీక్ష) ఏమీ రాలేదు. ఒక డాక్టర్ గారు లీడ్లతో సహా మొత్తం తీసెయ్యాలంటున్నారు. ఇంకొకాయనేమో అంత అక్కర్లేదు, పాకెట్ శుభ్రం చేసి మళ్ళీ కుట్టేసి యాంటీబయాటిక్ ఇద్దాం అంటున్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్ళే, ఎవరి మాట వినాలో తెలీట్లేదు.

లీడ్_తీసేవాణ్ణి:
తీసెయ్యాలండీ, మొత్తం. చర్మానికి రంధ్రం పడి డివైస్‌కి బయట గాలి తగిలిందంటే ఎరుపు ఉన్నా లేకపోయినా, చీము కనబడినా కనబడకపోయినా దాన్ని ఇన్‌ఫెక్షన్ కిందే లెక్కేస్తాం. గుండె లయ చూసే డాక్టర్ల సంఘం హార్ట్ రిథమ్ సొసైటీ 2017 డాక్యుమెంట్ ఇదే చెప్పింది, 2020లో యూరప్ వాళ్ళూ ఇదే చెప్పారు. ఎందుకంటే లీడు ఆ పాకెట్లోనే చుట్టలు తిరిగి ఉంటుంది, అక్కణ్ణుంచే సిరలోకి, గుండెలోకి పోతుంది. ఆ ప్లాస్టిక్ మీద స్టెఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి బయోఫిల్మ్ (జిగురు పొర) కట్టుకుని కూర్చుంటే మందు లోపలికి దిగదు. కడిగి కుట్టినవి కొన్నాళ్ళు మానినట్టే ఉంటాయి, ఆ తర్వాత అదే చోట మళ్ళీ పగుల్తాయి, అప్పటికి సూక్ష్మజీవి రక్తంలోకి కూడా పోయి ఉండొచ్చు.

ముసలివాళ్ళ_వార్డు:
పుస్తకంలో ఉన్నది కాదనను. కానీ మనం మాట్లాడేది 81 ఏళ్ళ మనిషి గురించి, పదకొండేళ్ళ లీడ్ల గురించి. ఏడాది లోపు లీడైతే చాలాసార్లు మామూలుగా లాగితే వచ్చేస్తుంది, ఇది అలా కాదు, సిర గోడకీ గుండె కండరానికీ గట్టిగా అతుక్కుపోయి ఉంటుంది, లీడు మీద తొడిగే గొట్టంతో, అంటే లేజర్ షీత్‌తోనో తిరిగే మెకానికల్ షీత్‌తోనో, ఒలుచుకుంటూ పోవాలి, గుండెలోకి పోయే పెద్ద సిర, సుపీరియర్ వీనా కేవా, చిరిగితే నిమిషాల్లో ఛాతీ తెరవాల్సొస్తుంది. జ్వరం లేని మనిషిని ఆ టేబుల్ మీదికి ఎక్కించేముందు ఒకటికి పదిసార్లు ఆలోచించాలి కదా. లీడ్లు తీశాక చివరి ముక్క కల్చర్ పాజిటివ్ వచ్చింది, చూశారా గుండె దాకా పోయింది అంటుంటారు, అది చీముపట్టిన పాకెట్లోంచి లాగేటప్పుడు అంటుకున్నది కూడా అయ్యుండొచ్చు.

లీడ్_తీసేవాణ్ణి:
చివరి ముక్క విషయంలో మీరన్నది నిజమే, అందుకే దాని ఒక్కదాని మీద ఆధారపడి ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొరకి ఇన్‌ఫెక్షన్) అని తేల్చెయ్యకూడదు. రిస్క్ సంగతికొస్తే యూరప్‌లో లీడ్లు తీయించుకున్నవాళ్ళ వివరాలు నమోదు చేసిన ఎలెక్ట్రా రిజిస్ట్రీ ఉంది, 2017లో వచ్చింది, 3,555 మంది. ప్రొసీజర్ వల్ల పెద్ద కాంప్లికేషన్లు 1.7 శాతం, మరణాలు 0.5 శాతం. తియ్యకుండా వదిలెయ్యడం వల్ల వచ్చే రిస్క్ కూడా పక్కనే పెట్టి చూడాలి మరి, అది టేబుల్ మీద కనబడదు, నెలల తర్వాత సెప్సిస్ రూపంలో కనబడుతుంది.

ముసలివాళ్ళ_వార్డు:
అదే రిజిస్ట్రీలో తక్కువ కేసులు చేసే సెంటర్లలో ఫలితాలు అంత బాలేవు, ఆ మాట కూడా చెప్పాలి మీరు. కాబట్టి "తీయించండి" అని ఊరుకుంటే సరిపోదు, రోజూ ఈ పని చేసే చోట, గుండె సర్జన్ సిద్ధంగా ఉన్న చోట తీయించండి అనాలి.

లీడ్_తీసేవాణ్ణి:
ఒప్పుకుంటా. నూటికి నూరు పాళ్ళు.

కల్చర్_ప్లేట్:
మధ్యలో వస్తున్నా, ఒక ప్రశ్న అడగాలి. పెద్దాయన_కొడుకు గారూ, ఆ బ్లడ్ కల్చర్ ఎప్పుడు తీశారు? యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందా, తర్వాతా?

పెద్దాయన_కొడుకు:
తర్వాతేనండీ. మొదట దగ్గర్లో ఉన్న డాక్టర్ ఎరుపు చూసి మాత్రలు రాశారు, అవి వాడుతుండగానే పెద్దాసుపత్రిలో ఒక బాటిల్ జత తీశారు.

కల్చర్_ప్లేట్:
అదే నా భయం. మాత్రలు పడ్డాక తీసిన ఒక్క సెట్ నెగటివ్ వస్తే దానికి పెద్ద విలువ లేదండీ, "రక్తంలో ఏమీ లేదు" అనుకుని నిర్ణయం తీసుకోకండి. మందు పడకముందే కనీసం రెండు సెట్లు, వీలైతే మూడు, వేరే వేరే చోట్ల గుచ్చి తియ్యాలి. ఇప్పుడు పరిస్థితి నిలకడగా ఉందంటున్నారు కాబట్టి మందు ఆపి మళ్ళీ కల్చర్లు పంపొచ్చేమో అడగండి, మీరంతట మీరు మాత్రం ఆపకండి. గొంతులోంచి చేసే ఎకో, టీఈఈ, కూడా చేయించండి, లీడు మీదో వాల్వ్ మీదో వెజిటేషన్ (సూక్ష్మజీవులు పట్టిన గడ్డ) ఉందేమో చూడ్డానికి. అయితే టీఈఈ క్లీన్‌గా ఉన్నంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ లేదని కాదు, అలాగే ఇన్‌ఫెక్షన్ ఏమీ లేనివాళ్ళ లీడ్ల మీద కూడా చిన్న గడ్డలు వేలాడుతుంటాయి. పెట్ సీటీ (ఇన్‌ఫెక్షన్ ఉన్న చోటు వెలిగేలా చూపించే స్కాన్) పాకెట్ అనుమానంగా ఉన్నప్పుడు బాగా పనికొస్తుంది, ఇక్కడ రంధ్రమే కనబడుతుంటే దాని అవసరం తక్కువ. ఇంకొకటి, చీము ఉందేమో చూద్దామని ఎవరైనా పాకెట్లోకి సిరంజి గుచ్చుతామంటే ఒప్పుకోకండి, లోపల లేని సూక్ష్మజీవిని మనమే పంపినట్టవుతుంది.

ముసలివాళ్ళ_వార్డు:
కల్చర్ సంగతి తెలిశాక నా మాట కొంచెం మార్చుకుంటున్నా. కుట్టేసి పంపడానికి ఇది సరైన కేసు కాదు. కానీ ఒక్క దగ్గర మాత్రం గట్టిగా నిలబడతా. మంచం మీంచి లేవలేని మనిషి, వేరే జబ్బుతో ఆయుష్షు కొద్దిగానే మిగిలున్న మనిషి, లేదా అన్నీ విన్నాక నాకొద్దు అన్న మనిషి, వీళ్ళకి జీవితాంతం సప్రెసివ్ యాంటీబయాటిక్ ఇవ్వడం న్యాయమైన వైద్యమే. అది నయం చెయ్యదు, అణిచి ఉంచుతుంది, ఆ తేడా ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పాలి. ఈ పెద్దాయన నడుస్తున్నారా, తన పనులు తను చేసుకుంటున్నారా అన్నది వయసు కంటే ముఖ్యం.

పెద్దాయన_కొడుకు:
రోజూ నడుస్తారండీ, అన్నీ తనే చేసుకుంటారు. తీశాక మరి గుండె ఆగిపోతే? వెంటనే కొత్తది పెడతారా?

లీడ్_తీసేవాణ్ణి:
వెంటనే, అదే చోట, పెట్టరు. ముందు చెయ్యాల్సిన పని, పేసింగ్ (పేస్‌మేకర్ కొట్టించడం) తగ్గించి ఆయన సొంత రిథమ్, అంటే గుండె తనంతట తాను ఎంత కొట్టుకుంటుందో, చూడటం. కొంతమందికి పదేళ్ళ కింద ఉన్న అవసరం ఇప్పుడు ఉండదు, అలాంటివాళ్ళకి కొత్తది పెట్టకుండానే ఇంటికి పంపిస్తాం. పేసింగ్ మీదే ఆధారపడి ఉంటే మెడ సిరలోంచి స్క్రూ చేసే లీడు ఒకటి వేసి, బయట చర్మం మీద జనరేటర్ అతికించి నడిపిస్తాం, దాంతో మనిషి లేచి తిరగొచ్చు కూడా. తీసేసిన తర్వాతి బ్లడ్ కల్చర్లు కనీసం 72 గంటలు నెగటివ్‌గా ఉంటే రెండోవైపు ఛాతీలో కొత్తది, లేదంటే కొందరికి లీడ్‌లెస్ (వైరు లేకుండా నేరుగా గుండెలో పెట్టే చిన్న పేస్‌మేకర్). ఇన్‌ఫెక్షన్ పాకెట్ వరకే అయితే తీశాక మందు 10 నుంచి 14 రోజులు, లీడు మీద వెజిటేషన్ తేలితే 4 నుంచి 6 వారాలు.

సొంత రిథమ్ ఎంతుందో రేపే అడిగి రాసుకోండి, సెంటర్‌తో మాట్లాడేటప్పుడు వాళ్ళు మొదట అడిగేవాటిలో అదొకటి.