60 ఎకరాలు, ఎనిమిది కుటుంబాలు, సొంత షూటింగ్ రేంజ్: ఈ ఆలోచన నిలబడుతుందా?

లేన్ 7

నేను ఉండేది టెక్సస్‌లో. మొదటి గన్ కొని తొమ్మిదేళ్లయింది. ఒక పిస్టల్, ఒక .22 రైఫిల్, జింకల సీజన్ కోసం బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఒకటి. అంతకు మించి లేవు, అక్కర్లేదు కూడా.

ఈ ఆలోచన ఎందుకొచ్చిందో ముందు చెప్తాను. మూణ్నెల్ల క్రితం ఒక ఆదివారం మా అమ్మాయిని తీసుకుని ఎప్పుడూ వెళ్లే రేంజ్‌కి వెళ్లాను. పక్క లేన్‌లో ఒక కుర్రాడి పిస్టల్ జామ్ అయింది. పైన కదిలే స్లయిడ్ సగంలో ఆగిపోయి, పేలిన తూటా ఖాళీ గుల్ల నిటారుగా ఇరుక్కుని ఉంది. నన్ను సాయం అడుగుదామని పిస్టల్ చేత్తో పట్టుకునే ఇటు తిరిగాడు. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. గొట్టం మా అమ్మాయి పొట్ట మీదుగా వచ్చి నా మోచేతి దగ్గర ఆగింది. వాడి మణికట్టు పట్టుకుని టార్గెట్ వైపు తిప్పాను. "జామ్ అయింది సార్, పేలదు" అన్నాడు. లేన్లు చూసుకోవాల్సిన మనిషి ఫోన్ చూసుకుంటున్నాడు. ఇంటికి వచ్చేదాకా అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు.

అప్పటి నుంచి నేను, రేంజ్‌లో పరిచయమైన మరో ఏడుగురం కలిసి ఒక ప్లాన్ వేస్తున్నాం. ఊరికి రెండు గంటల దూరంలో 60 ఎకరాలు అమ్మకానికి ఉంది. ఎకరం 12 వేల డాలర్లు చెబుతున్నారు, ఒక్కో ఇంటికి 90 వేలు పడుతుంది. ఎనిమిది వాటాలు చేసుకుని, ముందు వరసలో చిన్న చిన్న ఇళ్లు, వెనక 100 గజాల రేంజ్. రేంజ్ చివర ఒక చెరువుంది, చాలా బాగుంటుంది. అందరికీ కలిపి ఒక స్టోర్ రూమ్, పెద్ద సేఫ్. గేటుకి తాళం. మనలాగే ఆలోచించేవాళ్లే లోపలికి రావాలి. గన్‌ని గౌరవించేవాళ్లు, షో చేయనివాళ్లు.

మా ఆవిడ ఒకటే అడిగింది: "మీలాగే ఆలోచించేవాళ్లని ఎలా కనిపెడతారు? పరీక్ష పెడతారా?" నా దగ్గర జవాబు లేదు. ఇలాంటిది చేసినవాళ్లు, చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

మట్టికట్ట

ముందు మీ లెక్క సరిచేద్దాం. 60ని ఎనిమిదితో భాగిస్తే ఏడున్నర ఎకరాలు. టెక్సస్‌లో ఊరి హద్దుల బయట సబ్‌డివిజన్‌లో (లాట్లుగా విడగొట్టిన భూమిలో) పది ఎకరాలు, అంతకంటే తక్కువ ఉన్న లాట్ల మీద కాల్పుల్ని ఆపే అధికారం కౌంటీకి ఉంది. ఆ భూమి ఏదైనా సిటీ శివారు పరిధిలోకో, 1981 సెప్టెంబర్ తర్వాత సిటీ కలుపుకున్న ప్రాంతంలోకో వస్తే ఇంకో లెక్క. పిస్టల్, రైఫిల్ కాల్చుకోవడానికి సిటీ అడ్డు రాకూడదంటే ఆ స్థలం 50 ఎకరాలకి తగ్గకూడదు, పక్కవాళ్ల స్థలంలో ఉన్న ఇంటికి 300 అడుగుల కంటే దూరంగా ఉండాలి, తూటా హద్దు దాటకూడదు. ఇప్పుడు మీరు వాటాలు చేశారనుకోండి, మీ ఏడుగురు స్నేహితుల ఇళ్లే మీకు "పక్కవాళ్ల ఇళ్లు" అవుతాయి. భూమిని ముక్కలు చెయ్యొద్దు. ఒకే ముక్కగా ఒక ఎల్‌ఎల్‌సీ (కంపెనీ) పేరు మీద ఉంచి, మీరు అందులో వాటాదార్లుగా ఉండండి. ఇళ్ల ముచ్చట పక్కన పెట్టండి. అడ్వాన్స్ ఇచ్చేలోపే ఆ కౌంటీలో పనిచేసే లాయర్‌కి చూపించండి.

రెండోది. 60 ఎకరాలంటే బోలెడంత అనిపిస్తుంది. నలుచదరంగా ఉంటే ఒక్కో పక్క 1,600 అడుగుల చిల్లర, మైలులో మూడో వంతు కూడా కాదు. మీ .22 తూటాల పెట్టె మీద ఏం రాసుంటుందో చూడండి: ఒకటిన్నర మైళ్ల దాకా ప్రమాదం. ఇక మీ జింకల రైఫిల్ సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి మిమ్మల్ని కాపాడేది ఎకరాలు కాదు, టార్గెట్ల వెనక తూటాల్ని ఆపే మట్టికట్ట. మాది 18 అడుగుల ఎత్తు, రెండు పక్కలా రెక్కలతో. ముందు వైపు మట్టిలో రాయన్నది లేకుండా జల్లెడ పట్టించాం. రాయికి తగిలిన తూటా ఎటు పోతుందో దానికే తెలియదు.

చెరువు అందంగానే ఉంటుంది. కానీ రేంజ్ చివర నీళ్లుంటే వద్దనే చెప్తాను. నీటి మీద పడిన తూటా రాయి మీద పడినట్టే ఎగురుతుంది. పైగా తూటా అంటే చాలావరకు సీసం. పుల్లటి (ఆమ్లం ఎక్కువున్న) నేలలో అది మెల్లగా కరిగి నీళ్లలోకి దిగుతుంది. అందుకే అవుట్‌డోర్ రేంజ్‌ల కోసం ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) ఇచ్చిన సలహాల్లో మట్టి పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉంచమని, తక్కువైతే సున్నం కలపమని ఉంటుంది. మేం ఏడాదికోసారి మట్టి పరీక్ష చేయిస్తాం. ఖర్చేం కాదు, బద్ధకమే అడ్డం.

వాకిట్లో వకీలు

(వకీలుని కాను. పేరు అలా కుదిరింది.)

"మనలాంటివాళ్లే" అన్న మాట కాగితం మీద పెట్టేముందు జాగ్రత్త. ఇళ్లు అమ్మేటప్పుడు, అద్దెకిచ్చేటప్పుడు మతం, జాతి, పుట్టిన దేశం చూసి మనిషిని వద్దనకూడదని 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం చెబుతుంది. గన్ ఉన్నవాళ్లకే అంటే ఆ చట్టం పట్టించుకోదు. "మన తెలుగువాళ్లకే" అంటే మాత్రం పట్టుకుంటుంది. మీ ఎనిమిది మందిలో ఎంతమంది మనవాళ్లో నాకు తెలియదు, తెలియక్కర్లేదు కూడా. వాట్సాప్ గ్రూపులో సరదాకి కూడా ఆ మాట రాయకండి.

ఇంకోటి, వీసాలు. మీలో హెచ్-1బీ మీద ఎవరైనా ఉన్నారా? ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసాల మీద ఉన్నవాళ్లు గన్ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి, ఎక్కువమంది వాడుకునేది చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్. టెక్సస్‌లో ఆ లైసెన్స్ మామూలుగా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1న అతని దగ్గర మీ ఉమ్మడి సేఫ్ తాళంచెవి ఉందనుకోండి, తలనొప్పి అతనొక్కడితో ఆగదు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ గొడవ లేదు.

ఇలాంటి ఊళ్లు ఊహించినవాళ్లు చాలామందే ఉన్నారు లెండి. జార్జియాలోని కెనసాలో 1982లో ప్రతి ఇంటి పెద్ద దగ్గరా గన్ ఉండాలని ఏకంగా ఊరే చట్టం చేసింది. అంతకు ముందు ఏడాది ఇల్లినాయ్‌లో మోర్టన్ గ్రోవ్ అనే ఊరు చేతి తుపాకుల్ని నిషేధించింది, ఇది దానికి జవాబు. ఇష్టంలేనివాళ్లకి మినహాయింపులూ రాశారు, దాన్ని అమలు చేసే పనీ పెట్టుకోలేదు. నెవాడాలో పారంప్ దగ్గర ఎడారిలో ఫ్రంట్ సైట్ అనే శిక్షణ సంస్థ ఇళ్లు, స్కూలు అన్నీ వస్తాయని చెప్పింది. రేంజ్‌లు వచ్చాయి, జనం వేలల్లో నేర్చుకున్నారు, ఊరు మాత్రం రాలేదు. 2022లో దివాలా పిటిషన్ వేశారు. ఐడాహోలో గోడలు కట్టుకుని వేల కుటుంబాలు ఉండేలా సిటడెల్ అని ఒకటి 2013 ప్రాంతంలో వార్తల్లో నలిగింది. అదీ కాగితం దాటలేదు. రేంజ్ కట్టడం తేలిక. ఊరు కట్టడమే కష్టం.

నైట్ డ్యూటీ అక్క

మీ ఆవిడ అడిగింది చాలా మంచి ప్రశ్న. ఎమర్జెన్సీలో పనిచేస్తాను కాబట్టి నాకు తోచింది చెప్తాను. మీరు గేటు, తాళం, బయటివాళ్లు అంటున్నారు. 2021లో ఈ దేశంలో తుపాకీతో పోయిన ప్రాణాలు 48,830. అందులో 26,328 ఆత్మహత్యలు. సగానికి పైన. గేటు లోపల ఉన్నవాళ్లన్నమాట. ఉమ్మడి సేఫ్ తాళాలు ఎనిమిది మంది దగ్గర ఉంటే, ఎవరి మనసు బాగోలేకపోయినా రాత్రి రెండింటికి వెళ్లి తెరుచుకోవచ్చు. దాని గురించి ఏమైనా అనుకున్నారా?

రేంజ్ నుంచి వచ్చాక చన్నీళ్లు, సబ్బుతో చేతులు కడుక్కోండి, ఆ బూట్లు ఇంట్లోకి తేకండి. నేల మీద పాకే పిల్లలున్న ఇళ్లలో సీసం దుమ్ము మామూలు విషయం కాదు.

పాత మెంబర్

తమ్ముడూ, మేం ఆరుగురం ఇలాగే 11 ఏళ్లుగా నడుపుతున్నాం. మధ్యలో ఒకసారి ఆగిపోబోయింది. ఆ కథ చెప్తాను.

మాలో ఒకాయన ఉండేవాడు. మా అందరికంటే జాగ్రత్తపరుడు. చేతికిచ్చిన గన్ ఖాళీ అని మనం చెప్పినా నమ్మడు, తూటా కూర్చునే ఛాంబర్‌లోకి చూసి, చిటికెన వేలు పెట్టి మరీ తడిమి చూసేవాడు. ఉద్యోగం పోయింది, తర్వాత ఆరు నెలలకి భార్య వెళ్లిపోయింది. శనివారం రావడం మానలేదు. ఒకరోజు పొద్దున పదింటికి దగ్గరికొస్తే బీరు వాసన. అందరం పసిగట్టాం. ఎవ్వరం అనలేదు. ఏమని అంటాం? మాకందరికీ నేర్పిందే ఆయన. ఆ రోజు ఛాంబర్ చూడకుండా రైఫిల్ బల్ల మీద పెట్టాడు. ఛాంబర్‌ని మూసే బోల్ట్ వేసే ఉంది. నేనే వెళ్లి తెరిచాను. లోపల నుంచి తూటా ఒకటి ఎగిరి బల్ల మీద పడి దొర్లింది. దాన్ని చూసి ఆయన కూర్చుండిపోయాడు. "నా గన్‌లన్నీ పట్టుకెళ్లు, నేను అడిగినా ఇవ్వకు" అన్నాడు. ఎనిమిది నెలలు మా సేఫ్‌లో ఉంచాను. మధ్యలో రెండుసార్లు అడిగాడు, ఇవ్వలేదు. రెండోసారి బూతులు కూడా తిట్టాడు. ఇప్పుడు బాగున్నాడు. మా బావి మోటారు చూసుకునేది ఆయనే.

ఆ తర్వాత మా రూల్స్ కాగితం చించేసి మళ్లీ రాశాం. అంతకు ముందు నాలుగు పేజీలు, సగం రాజకీయం. ఇప్పుడు ఒక పేజీ. అందులో పైన ఉన్నది: ఎవరైనా ఎవరికైనా "ఈ రోజు నువ్వు కాల్చొద్దు" అనొచ్చు. కారణం చెప్పక్కర్లేదు. విన్నవాడు గన్ దించి కుర్చీలో కూర్చోవాలి, వాదన ఉండదు. భార్యలు, పిల్లలు అన్నా అంతే. పన్నెండేళ్ల మా మనవడు ఒకసారి నన్నే ఆపాడు, చెవులకి మఫ్స్ పెట్టుకోలేదని. అరగంట కుర్చీలో కూర్చున్నాను.

కొత్తగా చేరతామని వచ్చినవాళ్లని మేం ఏ పార్టీ అని అడగం, ఎన్ని గన్‌లున్నాయని అడగం. మొదటి శనివారం ఏ తప్పూ లేకుండానే ఒకసారి ఆపుతాం. మొహం చూస్తాం. మీ ఆవిడ అడిగిన పరీక్ష అదే అనుకో. ఇద్దరు "నాకే చెప్తావా" అని కారెక్కి వెళ్లిపోయారు. అందులో ఒకడు మాలో అందరికంటే బాగా కాల్చేవాడు.

లేన్ 7

అందరికీ థాంక్స్ అండీ. పాత మెంబర్ గారు రాసింది నిన్న మా మీటింగ్‌లో చదివాను. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఒకాయన "రైఫిల్ నాది, భూమిలో వాటా నాది, నన్ను ఎవరో పిల్లాడు ఆపడమేంటి" అన్నాడు. ఇంకొకాయన ఆయనకి వత్తాసు. ఈ ఇద్దరూ నాకు ఆరేళ్లుగా తెలుసు, ఒకరు మా ఇంటికి వచ్చి భోంచేసే మనిషి. ఇలా అంటారని అనుకోలేదు.

వకీలు గారూ, హెచ్-1బీ మీద ఒకరున్నారు. లైసెన్స్ తేదీ చూసుకోమని అక్కడే చెప్పాను. పర్సు తీసి చూసుకుని తెల్లమొహం వేశాడు. నిరుడు ఆగస్టుతోనే అయిపోయిందట. అతని రైఫిల్ ఇప్పుడు ఏం చెయ్యాలో రేపు ఇద్దరం కలిసి లాయర్‌ని అడుగుతున్నాం.

నైట్ డ్యూటీ అక్కా, ఉమ్మడి సేఫ్ మానేశాం. ఎవరిది వాళ్లు తెచ్చుకుని వాళ్లే తీసుకెళ్లడం. స్టోర్‌లో టార్గెట్లు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, కుర్చీలు ఉంటాయి.

ఎనిమిది మందిమి ఆరుగురం అయ్యాం కాబట్టి ఒక్కొక్కరికి లక్షా 20 వేలు. ఇళ్లు వద్దనుకున్నాం. మట్టికట్ట గారూ, చెరువు వైపు కాకుండా ఉత్తరం వైపు కాల్చేలా రేంజ్ తిప్పితే అక్కడ సహజంగా ఒక గుట్ట ఉంది. దాన్నే కట్టగా వాడుకోవచ్చా?

మట్టికట్ట

గుట్ట వాలు చూడాలి. వాలు తక్కువైతే తూటా జారి పైకి పోతుంది. పార తీసుకెళ్లి ముందు వైపు రెండడుగులు తవ్వి చూడండి, రాయి తగిలితే మర్చిపోండి. ఫోటో పెట్టండి.

లేన్ 7

శనివారం వెళ్తున్నాం. అమ్మాయి కూడా వస్తానంది. గన్‌లు లేవు, పారలే.